ఎనభైల చివరి రాక్ ఆల్బమ్‌లను పద్ధతిగా వినడం ఎలా?

1980ల చివరి రాక్ సంగీతం విందామని కూర్చునేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకే ఆల్బమ్‌కు యాప్‌లో నాలుగైదు రూపాలు కనిపిస్తే దేనిని ఎంచుకోవాలి? అంత పేరున్న ఆల్బమ్ తమకు మాత్రం చప్పగా ఎందుకు వినిపిస్తోంది?

ఈ మూడింటికీ సమాధానం చాలావరకు ఒకే చోట దొరుకుతుంది. ఎల్‌పి (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోను రికార్డు), క్యాసెట్, సిడి మూడూ ఒకేసారి అంగళ్లలో అమ్ముడైన కాలమది. ఆల్బమ్ ఎంత నిడివి ఉండాలి, ఏ పాట తర్వాత ఏది రావాలి, ఏ పాటను ఎక్కడ వదిలేయాలి అన్నవాటిని పాట కట్టినవారితో పాటు ఆ మూడు సాధనాల కొలతలు కూడా నిర్ణయించాయి. కాబట్టి మీ చేతిలోని ఆల్బమ్ ఏ కొలతకు తయారైందో ముందుగా తెలుసుకొని, దానికి తగ్గట్టు వినడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. ఇందుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు; వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు, ఒక స్ట్రీమింగ్ యాప్, నోటు పుస్తకం చాలు.

## 1. కాలానికి హద్దు గీసుకోండి

1986 జనవరి నుంచి 1989 డిసెంబరు వరకు విడుదలైన ఆల్బమ్‌లనే తీసుకోండి. లెక్కకు విడుదలైన సంవత్సరమే ప్రమాణం, పేరు వచ్చిన సంవత్సరం కాదు. గన్స్ ఎన్ రోజెస్ మొదటి ఆల్బమ్ "అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్" 1987 జూలైలో వచ్చినా, అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది 1988లో. నిర్వాణా లోకానికంతటికీ తెలిసింది 1991లో అయినా, వారి మొదటి ఆల్బమ్ "బ్లీచ్" 1989 జూన్‌లో వచ్చింది కాబట్టి అది ఈ హద్దులోనిదే.

హిట్ పాటల సంకలనాలనూ, కచేరీ రికార్డింగులనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

## 2. అసలు ఆల్బమ్ ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోండి

ఎక్కువమంది దారి తప్పేది ఈ మెట్టు దగ్గరే. యాప్‌లో "డీలక్స్", "వార్షికోత్సవ ఎడిషన్" అన్న పేర్లతో కనిపించే వాటిలో అసలు ఆల్బమ్ చివర డెమోలు (పాటల తొలి ముసాయిదా రికార్డింగులు), కచేరీ ముక్కలు, విడిగా వచ్చిన సింగిళ్లు అతికించి ఉంటాయి. పదకొండు పాటల ఆల్బమ్ ముప్పై పాటలై కూర్చుంటే, దానికంటూ ఉండాల్సిన ముగింపు వినేవారికి అందకుండా పోతుంది.

ది స్టోన్ రోజెస్ 1989లో బృందం పేరుతోనే తెచ్చిన మొదటి ఆల్బమ్‌ను చూడండి. బ్రిటన్‌లో వచ్చిన అసలు రూపంలో పదకొండు పాటలే ఉన్నాయి. దాదాపు ఎనిమిది నిమిషాల "ఐ యామ్ ది రిసరెక్షన్" వాయిద్యాల హోరులో ముగియడమే ఆ ఆల్బమ్ ముగింపు. అమెరికా ఎడిషన్‌లో "ఎలిఫెంట్ స్టోన్", "ఫూల్స్ గోల్డ్" చేరాయి. "ఫూల్స్ గోల్డ్" గొప్ప పాటే, కానీ అంత పెద్ద ముగింపు తర్వాత అది వినిపించకూడదు.

సిడిలో ఉన్నవన్నీ ఎల్‌పిలో ఉండకపోవడం దీనికి తిరగబడిన సమస్య. ది క్యూర్ బృందం "డిసింటిగ్రేషన్" (1989 మే) సిడిలో 12 పాటలతో సుమారు 72 నిమిషాలు నడుస్తుంది. అంత సంగీతం ఒక్క ఎల్‌పిలో పట్టదు కాబట్టి అప్పటి ఎల్‌పి నుంచి "లాస్ట్ డాన్స్", "హోమ్‌సిక్" పాటలను తీసేశారు. ఇక్కడ పెద్ద రూపమే సరైన రూపం.

పాటల వరుస మారిన సందర్భాలూ ఉన్నాయి. పీటర్ గేబ్రియల్ "సో" (1986 మే) ఆల్బమ్‌లో "ఇన్ యువర్ ఐస్" పాటను ఆయన చివర పెట్టాలనుకున్నారు. ఎల్‌పి ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి ముల్లు కింద గాడి సాగే వేగం బయటి అంచున ఎక్కువగానూ, మధ్యకు వచ్చేకొద్దీ తక్కువగానూ ఉంటుంది. లోతైన బేస్ (అడుగు స్థాయి స్వరాలు) ఉన్న పాటకు లోపలి గాడులలో చోటు చాలదు. అందుకే ఆ పాటను రెండో వైపు మొదటికి తెచ్చారు. తర్వాతి కాలపు రీమాస్టర్లలో (పాత రికార్డింగును సవరించి మళ్లీ విడుదల చేసిన రూపాల్లో) అది తిరిగి చివరికి చేరింది. రెండు వరుసలూ వినదగినవే. మీరు వింటున్నది ఏదో తెలిసి ఉంటే సరిపోతుంది.

చేయవలసిన పని ఇది:

- అసలు విడుదలలో ఎన్ని పాటలున్నాయో, చివరి పాట ఏదో చూసి నోటు పుస్తకంలో రాసుకోండి.
- మొదటి వైపు ఏ పాటతో ముగిసిందో కూడా రాసుకోండి.
- యాప్‌లో ఆ పాటలతోనే, ఆ వరుసలోనే సొంత ప్లేలిస్టు తయారు చేసుకోండి.
- బోనస్ పాటలు బాగున్నాయనిపిస్తే వాటికి వేరే ప్లేలిస్టు పెట్టుకోండి.

మొదటి వైపు ముగింపు ఎందుకంటారా? వైపు మార్చడానికి వినేవారు లేవాల్సి వచ్చేది కనుక, అక్కడ ఒక చిన్న ముగింపును, తర్వాత మరో ఆరంభాన్ని అమర్చేవారు. "అపెటైట్"లో వైపులకు ఒకటి, రెండు అన్న అంకెలకు బదులు "జి", "ఆర్" అన్న అక్షరాలు ఉంటాయి. "ప్యారడైజ్ సిటీ" చివరి పరుగుతో "జి" వైపు ముగుస్తుంది. అక్కడ ఒక నిమిషం ఆగండి. టామ్ పెటీ అయితే "ఫుల్ మూన్ ఫీవర్" (1989) సిడిలో ఐదో పాట తర్వాత స్వయంగా మాట్లాడతారు: క్యాసెట్, రికార్డు వినేవారు లేచి వైపు మార్చుకోవాలి కాబట్టి, వారి మీద గౌరవంతో సిడి శ్రోతలను కాసేపు ఆగమంటారు. సరదాకే చెప్పినా మంచి సలహా.

## 3. రీమాస్టర్లను పోల్చి చూసే పద్ధతి

1990ల నడిమి నుంచి వచ్చిన చాలా రీమాస్టర్లలో మొత్తం శబ్దాన్ని పైకి లేపారు. అలా లేపినప్పుడు మెల్లని చోటుకూ, పెద్ద చోటుకూ మధ్య తేడా తగ్గిపోతుంది. రెండు రూపాలను వెంటవెంటనే వింటే గట్టిగా ఉన్నదే మేలైనదని చెవి తీర్పు ఇస్తుంది. ఆ తీర్పును నమ్మకూడదు.

1. రెండు రూపాల్లోనూ గాయకుడి గొంతు స్పష్టంగా ఉన్న ఒకే ముప్పై సెకన్ల భాగాన్ని ఎంచుకోండి.
2. గొంతు రెండింటిలోనూ సమానంగా వినిపించేదాకా, గట్టిగా ఉన్నదాని వాల్యూమ్ తగ్గించండి.
3. ఇప్పుడు గొంతును వదిలేసి స్నేర్ (డ్రమ్స్‌లో చురుక్కున మోగే చిన్న డ్రమ్) దెబ్బను గమనించండి. మిగతా వాయిద్యాల మీదుగా దెబ్బ విడిగా పైకి లేస్తున్న రూపాన్ని ఉంచుకోండి; గిటార్లలో కలిసిపోయి అణగినట్టున్న దానిని వదిలేయండి.
4. చివరగా ఒక మెల్లని భాగాన్ని వినండి. అది నిజంగా మెల్లగానే ఉందా?

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు. రీమాస్టర్‌లో సిద్ధంగా ఉన్న మిక్స్ మొత్తాన్ని సవరిస్తారు; రీమిక్స్‌లో ఒక్కో వాయిద్యం పాళ్లను మళ్లీ నిర్ణయిస్తారు. మెటాలికా "అండ్ జస్టిస్ ఫర్ ఆల్" (1988) ఆల్బమ్‌లో జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ దాదాపు వినిపించదు, అది మిక్స్ దగ్గరే జరిగింది. 2018 నాటి రీమాస్టర్‌లో బేస్ దొరుకుతుందని ఆశపడి కొన్నవారికి అది దొరకలేదు, దొరికే అవకాశమూ లేదు. ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఆ అసలు ఆల్బమ్‌ను మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్, మైకేల్ బార్బియెరోలే "అపెటైట్"నూ మిక్స్ చేశారు. అందులో డఫ్ మెకేగన్ బేస్ ప్రతి పాటలోనూ నిక్కచ్చిగా వినిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన వింటే మిక్స్ అంటే ఏమిటో ఏ పాఠమూ అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

పాత సిడిలు కొనేవారు వెనుక అట్టపై ఏఏడి, ఏడిడి, డిడిడి అన్న మూడక్షరాల గుర్తును చూడవచ్చు. రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ వరుసగా అనలాగ్‌లో జరిగాయా, డిజిటల్‌లో జరిగాయా అన్నది అది చెబుతుంది. అది పనితీరు వివరమే తప్ప నాణ్యతకు ముద్ర కాదు.

## 4. ఫోన్‌ను, యాప్‌ను సిద్ధం చేసుకోండి

వినడానికి ముందు ఒక్కసారి సరిచూసుకోవలసినవి:

- షఫుల్ ఆపి ఉందా?
- క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే అమరిక) సున్నా దగ్గర ఉందా? పాటల మధ్య నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే.
- గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (పాటల మధ్య యాప్ అదనపు విరామం చేర్చకుండా చూసే అమరిక) పనిచేస్తోందా?
- ఈక్వలైజర్, బేస్ బూస్ట్, "త్రీడీ" శబ్దం వంటివన్నీ ఆపి ఉన్నాయా?
- ఆడియో నాణ్యత యాప్ అనుమతించే పై స్థాయిలో ఉందా?
- ఆల్బమ్ అయ్యాక యాప్ తనంతట తాను వేరే పాటలు వేసే ఆటోప్లే ఆగిందా?

వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే అమరిక) విషయంలో మాత్రం గుడ్డిగా ఆపేయవద్దు. మూడో మెట్టులో చెప్పిన పోలికకు అది సాయపడుతుంది. అయితే ఒక్కో పాటను విడివిడిగా సమం చేసే రకం అయితే ఆల్బమ్‌లో కావాలనే మెల్లగా ఉంచిన పాటను పైకి లాగే ప్రమాదముంది.

వాల్యూమ్ ఎంత పెట్టాలన్నది ఆల్బమ్‌ను బట్టి ఉంటుంది. "డిసింటిగ్రేషన్" అట్టమీద ఈ సంగీతాన్ని గట్టిగా వినడానికే మిక్స్ చేశామనీ, వాల్యూమ్ పెంచమనీ పెద్ద అక్షరాల్లో అచ్చువేశారు. స్పీకర్లుంటే ఆ మాట పాటించండి. ఇయర్‌ఫోన్లలో వినేవారు చెవికి శ్రమ కలగని మేరకే పెంచుకోవాలి.

## 5. ఏ వరుసలో వినాలి?

విడుదల తేదీల వరుసలో వినడం చూడటానికి బాగుంటుంది గానీ కొత్తవారికి పనికిరాదు. చెవి ఒక ఆల్బమ్‌లో నేర్చుకున్నది తర్వాతి ఆల్బమ్‌లో అక్కరకు రావాలి. వారానికి ఒకటి చొప్పున కింది వరుసను సూచిస్తున్నాను.

ముందుగా యూ2 "ది జాషువా ట్రీ" (1987 మార్చి). సినిమా పాటలకు అలవాటుపడిన మన చెవికి గొంతు ముందుండటం, వాయిద్యాలు వెనక ఉండటం సహజమనిపిస్తుంది. ఈ ఆల్బమ్‌లో గొంతు ముందే ఉంటుంది, కాబట్టి తొలి అడుగు సులువు. "విత్ ఆర్ వితౌట్ యూ" పాటలో ఆడమ్ క్లేటన్ బేస్ మొదటి నుంచి చివరిదాకా నాలుగే స్వరాల చుట్టూ తిరుగుతుంది. పాట పెరగడం, తగ్గడం అంతా దాని పైన ఉన్నవారి పని. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను వెంటాడిన అలవాటున్నవారికి ఇది వెంటనే దొరుకుతుంది. ఇళయరాజా బేస్ పాటంతా చుట్టి వస్తుంది, క్లేటన్‌ది ఉన్నచోటనే నిలబడుతుంది.

రెండు, "అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్". ఇక్కడ గిటార్లు రెండు. ఒక చెవిలో స్లాష్, మరో చెవిలో ఇజ్జీ స్ట్రాడ్లిన్. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి వింటే ఒకరి పని వేరుగా దొరుకుతుంది.

మూడు, డెఫ్ లెపర్డ్ "హిస్టీరియా" (1987 ఆగస్టు). నిర్మాత మట్ లాంగ్. పొరల మీద పొరలుగా గొంతులు, గిటార్లు పేర్చిన ఆల్బమ్ ఇది. 1984 చివరి రోజున జరిగిన కారు ప్రమాదంలో ఎడమ చేయి కోల్పోయిన డ్రమ్మర్ రిక్ అలెన్, చేతితో చేయాల్సిన దెబ్బల్లో కొన్నింటిని కాలి పెడల్స్‌కు మార్చిన ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌పై దీనిని వాయించారు. 62 నిమిషాలను ఒక్క ఎల్‌పిలో ఇమిడ్చారు కాబట్టి ఈ ఒక్కదానికి ఎల్‌పి కన్నా సిడినే మేలని నా అభిప్రాయం.

నాలుగు, పిక్సీస్ "డూలిటిల్" (1989 ఏప్రిల్). 15 పాటలు, 38 నిమిషాలు. "హిస్టీరియా" నిండుదనం తర్వాత ఈ ఖాళీ ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. మెల్లని చరణం, అరుపులాంటి పల్లవి అన్న అమరిక తర్వాతి దశాబ్దపు రాక్‌కు దారి చూపింది.

ఐదు, "డిసింటిగ్రేషన్", ఆరు, "అండ్ జస్టిస్ ఫర్ ఆల్", ఏడు, "ది స్టోన్ రోజెస్". ఏడో దానిలో "వాటర్‌ఫాల్", దాని తర్వాత వచ్చే "డోంట్ స్టాప్" పాటలను విడదీయకుండా వినండి: రెండో పాటను మొదటిదానిని తిరగేసి నడిపించి దానిమీద కట్టారు.

ఎనిమిది, లూ రీడ్ "న్యూయార్క్" (1989 జనవరి). 14 పాటల ఈ 58 నిమిషాల ఆల్బమ్‌ను పుస్తకంలాగానో, సినిమాలాగానో ఒకే బైఠక్‌లో వినాలని అట్టపైనే రాసి ఉంది. సాహిత్యం చేతిలో లేకుండా దీనిని వినవద్దు.

చివరగా సోనిక్ యూత్ "డేడ్రీమ్ నేషన్" (1988 అక్టోబరు). రెండు ఎల్‌పిలు, 70 నిమిషాలు. గిటార్ తీగలను మామూలు శ్రుతిలో కాక తమకు కావలసిన శ్రుతుల్లో బిగించుకొని వాయించే బృందమిది. దీనితో మొదలుపెట్టినవారిలో చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. తొమ్మిదో వారానికి చెవి సిద్ధపడి ఉంటుంది.

మన దేశపు ఆల్బమ్ కూడా ఉండాలనుకునేవారు బొంబాయి బృందం రాక్ మెషిన్ 1988లో తెచ్చిన "రాక్ ఎన్ రోల్ రెనెగేడ్"ను వెతికి చేర్చుకోవచ్చు. ఆ బృందమే తర్వాత ఇండస్ క్రీడ్ అయింది.

## 6. ఒక్కో ఆల్బమ్‌ను మూడుసార్లు వినండి

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా, ఆల్బమ్ మొత్తం వినండి. సాహిత్యం చూడవద్దు, నచ్చని పాటను దాటించవద్దు.

రెండోసారి ఒక్క వాయిద్యాన్నే వెంటాడండి. "జాషువా ట్రీ" మొదటి పాట "వేర్ ది స్ట్రీట్స్ హావ్ నో నేమ్" ఇందుకు మంచి అభ్యాసం. ముందు నిశ్శబ్దంలోంచి ఆర్గన్ లాంటి నాదం నెమ్మదిగా తేలి వస్తుంది. దాని మీదకు ఎడ్జ్ గిటార్ వస్తుంది. ఆయన మీటిన ప్రతి స్వరాన్నీ డిలే యంత్రం కొంత వ్యవధి తర్వాత మళ్లీ పలికిస్తుంది కాబట్టి, ఒక్కరు వాయించేది ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. మీటిన స్వరం ఏది, యంత్రం తిరిగి పలికినది ఏది అని విడదీసి చూడండి. తర్వాత బేస్, డ్రమ్స్ చేరతాయి. బోనో గొంతు వినిపించేసరికి ఒకటిన్నర నిమిషానికి పైగా గడిచిపోతుంది. ఆ నిరీక్షణ నచ్చక ముందుకు జరిపేవారికి గొంతు రాకలోని బలం తెలియదు.

మెటాలికా "వన్" పాటలో డ్రమ్స్‌ను పట్టుకోండి. యుద్ధ శబ్దాల తర్వాత హోరు లేని గిటార్‌తో మెల్లగా మొదలయ్యే ఆ పాట నాలుగు నిమిషాలు దాటాక మారిపోతుంది: లార్స్ ఉల్రిక్ రెండు కాళ్లతో వాయించే కిక్ డ్రమ్ మెషిన్‌గన్ లయను అందుకుంటుంది, గిటార్లు అదే లయలో దానికి తోడవుతాయి.

మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకొని వినండి. యాసల వల్ల చెవికి దొరకని మాటలు ఇప్పుడు దొరుకుతాయి.

## 7. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

అంతా చప్పగా ఉంది. వాల్యూమ్ తక్కువై ఉండవచ్చు. ఆ కాలపు సిడిల మాస్టరింగ్ ఇప్పటి పాటలకన్నా తక్కువ స్థాయిలో ఉండేది కనుక కొత్త పాటకు సరిపోయే వాల్యూమ్ దీనికి చాలదు. ఈక్వలైజర్ జోలికి పోకముందు వాల్యూమ్ పెంచండి.

డ్రమ్స్ గుహలో మోగినట్టున్నాయి. అది లోపం కాదు. స్నేర్‌కు భారీ ప్రతిధ్వని చేర్చడం ఆనాటి స్టూడియో అలవాటు. అది భరించలేనివారు "డూలిటిల్"తో మొదలుపెట్టవచ్చు.

నాకు తెలిసిన పాటకూ ఆల్బమ్‌లో ఉన్నదానికీ పొంతన లేదు. మీరు విన్నది రేడియో కోసమో, వీడియో కోసమో కుదించిన సింగిల్ కావచ్చు. నిడివి సరిచూడండి.

మూడో పాటకే విసుగొస్తోంది. మొదటి వైపు మాత్రం విని ఆపేయండి. రెండో వైపు మర్నాడు వినండి. ఎల్‌పి ఆ విరామానికి తగ్గట్టే తయారైంది. "న్యూయార్క్"కు మాత్రం ఈ మినహాయింపు లేదు.

## 8. ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే

పెట్టెలోంచి తీయగానే ప్లేయర్‌లో పెట్టకండి. క్యాసెట్‌కున్న చిన్న కిటికీలోంచి టేపును వెలుతురులో చూడండి. తెల్లని మచ్చలు కనిపిస్తే అది బూజు, అది ప్లేయర్ హెడ్‌కూ (టేపును చదివే భాగం), అక్కడి నుంచి ఇతర క్యాసెట్లకూ అంటుకుంటుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో ఇది మామూలే. టేపు శుభ్రంగా ఉంటే ఒకసారి పూర్తిగా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలక అతుక్కున్న చుట్టలు వదులవుతాయి. హెడ్‌ను, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరనివ్వండి.

శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తే హెడ్ కోణం తప్పి ఉండవచ్చు. మరమ్మతు తెలిసినవారైతే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయగలరు.

క్యాసెట్‌కు ఎల్‌పికి లేని ఒక వెసులుబాటు ఉండేది. స్లేయర్ "రెయిన్ ఇన్ బ్లడ్" (1986) మొత్తం 29 నిమిషాలే కాబట్టి క్యాసెట్ రెండు వైపులా ఆల్బమ్ మొత్తాన్ని పెట్టారు. అలాంటిది దొరికితే రెండు వైపుల్లో టేపు బాగున్న వైపునే వినండి.

## 9. సొంత జాబితా రాసుకోవడం

తొమ్మిది ఆల్బమ్‌లూ పూర్తయ్యాకే జాబితా మొదలుపెట్టండి. ప్రతి ఆల్బమ్‌కూ నోటు పుస్తకంలో ఇవి రాయండి:

- ఆల్బమ్, బృందం, విడుదలైన నెల, సంవత్సరం.
- విన్న ఎడిషన్: అసలుదా, రీమాస్టరా, ఏ సంవత్సరపుది?
- దాటించాలనిపించిన పాట ఏదైనా ఉందా?
- రెండో విడతలో వెంటాడిన వాయిద్యం గురించి ఒక వాక్యం.

మార్కులు వేయవద్దు. వేస్తే మొదట విన్న ఆల్బమ్‌తోనే మిగతావాటిని కొలుస్తూ పోతారు. రెండు ఆల్బమ్‌ల మధ్య తేల్చుకోలేకపోతే, ఒక నెల ఆగి రెండింటి రెండో వైపులను మాత్రమే వినండి. సింగిళ్లు ఎక్కువగా మొదటి వైపునే ఉంటాయి కాబట్టి, బలహీనమైన ఆల్బమ్ రెండో వైపున బయటపడుతుంది. ఎంచుకున్నదాని పేరు పక్కన మీరు విన్న ఎడిషన్‌ను తప్పకుండా రాయండి. మీ జాబితా చూసి వినబోయే మరొకరికి యాప్‌లో కనిపించే నాలుగైదు రూపాల్లో ఏది తెరవాలో ఆ ఒక్క వివరమే చెబుతుంది.